అన్నం కాడ చూసిన చెయ్యి

మా బచ్చన్నపేట బడిలో ఆటలు నేర్పిన పీఈటీ సారు మొన్న జనగామ దవాఖానలో పోయారు. సంతాప సభలో ఆయన్ను తెగ పొగిడిన పెద్దమనుషులే ఒకప్పుడు ఆయన మీద ఫిర్యాదు పెట్టారు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆయన బేస్‌బాల్ నేర్పేవారు. అందులో బంతి విసిరేవాళ్లను పిచ్చర్లంటారు. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసేవాళ్లు పిచ్చర్ల వేగం చూసేవారు, ఎత్తు చూసేవారు. సారు మాత్రం ఆటయ్యాక పిల్లలతో సద్దులు విప్పించి ఎదురుగా కూర్చునేవారు. "విసిరేటప్పుడు అందరు మంచిగనే కనపడ్తరు. చెయ్యిని అన్నం కాడ చూడాలె" అనేవారు. నేనేమో ఆ ఆట మీద పుస్తకాలు తెప్పించుకుని చదివి, ఆయనతో వాదనకు దిగేవాణ్ణి.

నా మనుమరాలు ఆయన తయారుచేసిన పిచ్చరే. ఎంపిక చేసే పెద్దాయన ఒకరు జనగామ వచ్చి చూసి, ఆమె యాసకు నవ్వి, "స్పీడు పెంచమ్మా, రాష్ట్ర జట్టులో నువ్వే" అని వెళ్లాడు. అప్పట్నుంచి పిల్ల పొద్దంతా గోడకేసి బంతి కొట్టడమే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. సారు, మనుమరాలు, నేను ఎంపికకని హైదరాబాదు బయల్దేరితే, జనగామ దాటగానే వంటావార్పు. ఉద్యమకారులు దారి ఆపి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, ఆగిన బస్సుల్లోని వాళ్లందరికీ వడ్డిస్తున్నారు.

"తినకుంట యాడికి పోతవ్ పెద్దబాపూ? బండ్లన్ని ఈడనే ఉన్నయ్" అంటూ ఒక అక్క నా విస్తట్లో పప్పు పోసింది.

మనుమరాలి కుడిచెయ్యి నోటిదాకా రావడం లేదు. తలే విస్తరి మీదికి వంగుతోంది. సారు ముద్ద ఆపారు.

"భుజం నొస్తుందా బిడ్డా?"

"లేదు సారూ."

"చెయ్యి పైకెత్తు."

ఎత్తలేకపోయింది. "ఇంటికి తోల్కపోకుండ్రి సారూ, మీ కాల్మొక్త."

"ఆట మల్లొస్తది. భుజం రాదు. లే."

సాయంత్రానికి దారి వదిలినా, ఆయన మమ్మల్ని ఇంటి బస్సే ఎక్కించారు. వంటావార్పులో కూర్చుని, ఉద్యమం మోజులో పిల్ల బతుకు ఆగం చేసిండని పెద్దమనుషులు ఫిర్యాదు పెట్టారు. ఆయన నిజం చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. భుజం సంగతి బయటపడితే ఆమెను మళ్లీ ఎవరూ తీసుకోరని భయం.

"ఇంకొన్నాళ్లు విసిరితే కండరం తెగేది. సమయానికి ఆపిండ్రు" అన్నాడు వరంగల్ ఎముకల డాక్టరు. నేను అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నది ఆ రోజే.

ఆమె రాష్ట్ర జట్టుకు ఆడలేదు. ఇప్పుడు భూపాలపల్లిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది.

సారు దహనసంస్కారాలయ్యాక మనుమరాలు ఇంటికొచ్చి స్నానం చేసి, తడిచీర పిండింది. దండెం ఎత్తుగా ఉంది. కుడిచేత్తోనే విసిరింది. చీర అవతలికి జారి, నీళ్లు కారుతూ చాలాసేపు ఊగింది.