ఒంటికాలి పిట్ట

సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా కింది అంతస్తులో ఉండే చైనీస్ ముసలాయన ఏడాదికోసారి తన ఉన్ని తివాచీని ఉతికి వెదురు గడ మీద ఆరేస్తాడు. తడిసిన ఉన్ని వాసన ఎరగని వాళ్లకు దాన్ని వర్ణించడం కష్టం. వానలో తడిసిన మేకల మంద పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. మా ఆవిడ కిటికీలన్నీ మూసేస్తుంది. నేను వెళ్లి వంటింటి కిటికీ మళ్లీ తెరుస్తాను. ఇదేం పిచ్చి అని విసుక్కుంటుంది గానీ, ఆ వాసన వచ్చిన రోజు నేను కూనిరాగాలు తీస్తూ తిరుగుతానని ఆమెకూ తెలుసు. నాకు ఆ వాసన అంటే అప్పలనరసమ్మ ఆంటీ. ఆమెను చూడని వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను సింగపూర్ వచ్చింది వైటూకే పుణ్యమా అని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి లోకం తలకిందులవుతుందని అందరూ హడలిపోతున్న రోజులు. నాలాంటి కుర్రాళ్లను విమానాల్లో నింపి దింపుతున్నారు. నా ఉద్యోగం టెస్టింగ్, అంటే పక్కవాడు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం. తప్పులు పట్టినందుకు నెలనెలా జీతం ఇస్తుంటే మనిషికి ఎంత పొగరు రావాలో అంతా వచ్చింది నాకు. హౌగాంగ్‌లో ఆరుగురం కలిసి ఉండే ఫ్లాటులో కూరలో ఉప్పు దగ్గర్నుంచి గోడ గడియారం వంకర దాకా నేను వేలెత్తి చూపని వస్తువు లేదు. ఆదివారం వస్తే మిగతా ఐదుగురూ నన్ను బయటికి తోలేసేవారు. అలా తిరుగుతూ ఒక మధ్యాహ్నం అరబ్ స్ట్రీట్‌లో ఒక పర్షియన్ తివాచీల కొట్లోకి అడుగుపెట్టాను. కొనడానికి కాదు, ఏసీ కోసం.

లోపల వీధి వైపు అద్దం పక్కన నేల మీద ఒక పెద్దావిడ కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒళ్లో తివాచీ మూల వేసుకుని సూదితో బాగుచేస్తోంది. గోడకు వేలాడుతున్న మరో పెద్ద తివాచీ అంచు వెంబడి పూలు చూస్తూ నిలబడ్డాను. ఎడమ వైపు పదకొండు, కుడి వైపు పది. ఇక నా ప్రాణం ఊరుకోలేదు. ఆవిడ దగ్గరికి వెళ్లి, ఇందులో తప్పుంది, మీ యజమానికి చెప్పండి అని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండానే "తెలుగోడివా బాబూ?" అంది. ఎలా తెలిసిందని అడిగితే, నేను పూలను ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టానట.

వాళ్ల తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి నౌకాస్థావరంలో కూలీగా చేరాడు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న ఆ తెలుగులో అరవం మాటలూ మలయ్ మాటలూ ఎప్పుడో వచ్చి స్థిరపడిపోయాయి. ఆ కొట్లో ముప్ఫై ఏళ్లుగా తివాచీలు బాగుచేస్తోంది. యజమానిది ఇరాన్‌లోని ఇస్ఫహాన్. ఇక్కడ యజమానిని తౌకే అంటారు, ఆయన్ని ఆంటీతో సహా అందరూ అలాగే పిలిచేవారు. నాది ఏలూరని చెప్పగానే ఆంటీ సూది పక్కన పెట్టింది. "ఏలూరోడివై ఉండి తివాచీకి తప్పులెన్నుతావా?" అని తౌకేని పిలిచి నన్ను చూపించింది. పూర్వం పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు మా ఊళ్లో స్థిరపడి తివాచీలు నేశారని, ఆ పని ఇంకా సాగుతోందని ఆయన నాకు వివరించాడు. నేను ట్యూషన్‌కి సైకిల్ మీద ఆ వీధుల్లోంచే వెళ్లేవాణ్ణి. ఒక్కసారి ఆగి చూసిన పాపాన పోలేదు. అక్కడ నేసినవి విదేశాలకు పోయేవి, మా ఇంట్లో చుట్టాలొస్తే జంపఖానా పరిచేవాళ్లం. సొంత ఊరి సంగతి ఇస్ఫహాన్ మనిషి నోట వినాల్సి వచ్చినందుకు సిగ్గుపడి, ఆ సిగ్గుతోనే మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాను.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అక్కడే, బాగుచేసే ముందు ఆంటీ ఉతికి ఆరేసిన తివాచీల తడి ఉన్ని వాసనలో. వెళ్లగానే "మకాన్ అయిందా?" అనేది, అంటే భోజనం అయిందా అని. అయిందన్నా వినకుండా తన డబ్బాలోంచి చేపల పులుసన్నం పెట్టేది. తింటూ తివాచీలు చూసేవాళ్లం. చుట్టూ ఎడారి ఉన్న వాళ్లు తోటను చుట్టచుట్టి వెంట తీసుకుపోవడానికి తివాచీ నేశారని తౌకే చెప్పేవాడు. నడుమ కొలను, చుట్టూ చెట్లు, కొమ్మల మీద పిట్టలు. ఒక తివాచీ నిండా ఉన్న వంపు తిరిగిన బొమ్మను చూపించి, అది గాలికి వంగిన సరుగుడు లాంటి చెట్టనీ, ఎండాకాలం వడగాడ్పుకు కూడా విరగదనీ ఆయన అంటే, మామిడి పిందె అని ఆంటీ కొట్టిపారేసేది. మా అమ్మ పట్టుచీర అంచు నిండా ఉన్నవి అవే కాబట్టి నేనూ పిందె పక్షమే. ఒకసారి కొనడానికొచ్చిన చైనీస్ ఆయన దాన్ని రొయ్య అన్నాడు. ఆ రోజు ముగ్గురం ఏకమై అది రొయ్య మాత్రం కాదని ఒప్పించడానికి అరగంట పట్టింది.

ధర సంగతి ఆంటీ నేర్పిన తీరు వేరు. ఇంత ధరేమిటని నేను నోరు జారితే, తివాచీని తిరగేసి వెనక వైపు చూడమంది. ముందు వైపు ఉన్ని పరుపులా కప్పేస్తుంది, ముడులు కనబడేది వెనకే. తర్వాత పాత మగ్గం చట్రం ఒకటి నా ముందు పెట్టి గంట సేపు ముడులు వెయ్యమంది. తొందరపడితే చాలు, "పెలాన్ పెలాన్" అని చేతి మీద చిన్నగా కొట్టేది. మెల్లగా మెల్లగా అని అర్థం. గంటకు నలభై ముడులు వేశాను. గోడ మీది తివాచీలో ఎన్ని లక్షలున్నాయో లెక్కగట్టించి, నా వేగాన అది ఎప్పటికి పూర్తవుతుందో చెప్పమంది. సెలవు లేకుండా రోజంతా కూర్చున్నా నలభై ఏళ్లు దాటింది. నేసేవాళ్లు నాకంటే ఎన్నో రెట్లు చురుకు, అయినా ఇద్దరు ఆడవాళ్లు కలిసి కూర్చున్నా ఏళ్లు పడుతుంది. ఆ ధరలో వాళ్లకు దక్కేది కొసరేనని, మధ్యలో చేతులు చాలా ఉంటాయని తౌకే దాచకుండా ఒప్పుకున్నాడు. మెషీను తివాచీలు చవగ్గా వచ్చి పడుతుంటే ఆ కొసరు కూడా ఎన్నాళ్లో అని దిగులుపడ్డాడు.

ఆ దిగులులోనే ఆయనకు డాట్‌కామ్ జ్వరం తగిలింది. లోకమంతా అప్పుడు వెబ్‌సైట్లు పెడుతోంది. ఇంటర్నెట్‌లో కొనేవాళ్లు కొత్త సరుకే అడుగుతారని, బాగుచేసే మనిషితో ఇక పనుండదని, ఆంటీ కూర్చునే చోట కంప్యూటర్ బల్ల వేస్తే బాగుంటుందని కొలతలు కూడా తీసుకున్నాడు. ఆంటీ విననట్టే సూది పని చేసుకుపోయింది. వెబ్‌సైట్ నేను చేసిపెడతానన్నాను. నాకు జీతం అక్కర్లేదు, పులుసు చాలు.

కొట్టు ఇరుకు. నా చేతిలోది ఆ కాలపు నాసి కెమెరా. పన్నెండడుగుల తివాచీ దాంట్లో పట్టదు, కిటికీ వెలుగు ఒక వైపే పడుతుంది. అప్పుడు నా టెస్టర్ బుర్రకు గొప్ప ఉపాయం తోచింది. తివాచీ బొమ్మ నాలుగు పావులూ ఒకటే కదా. బాగున్న ఒక్క పావు ఫొటో తీసి, కంప్యూటర్లో అద్దంలో ప్రతిబింబంలా తిప్పి మిగతా మూడు అతికించాను. పూలు అటు పదకొండు, ఇటు పదకొండు. నలభై తివాచీలకూ అదే చేశాను. తౌకే తెర చూసి నా భుజం తట్టాడు. ఆంటీ కంప్యూటర్ వైపు రాలేదు, నేనూ చూపించలేదు. పైగా నేత తప్పులన్నీ సరిదిద్దిపెట్టానని లోలోపల మురిసిపోయాను.

రెండు నెలలకు బెడోక్ నుంచి రిటైరైన లెక్కల టీచర్ ఒకావిడ వచ్చింది. మిసెస్ లిమ్. వెబ్‌సైట్ చూసి వచ్చిన మొదటి మనిషి ఆవిడే. చేతిలో ఇరాన్‌లోని కాషాన్‌లో నేసిన తివాచీ రంగు ప్రింటు. తౌకే ఉప్పొంగిపోయి ఆ తివాచీ పరిపించాడు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, పరీక్ష పేపరు దిద్దినట్టు, ప్రింటు పక్కన పెట్టుకుని అంగుళం అంగుళం చూసింది. ఎడమ వైపు పై మూల దగ్గర ఆగింది. ప్రింటులో ఆ మూల పిట్టకు రెండు కాళ్లు. తివాచీలో ఒకటే. ఇది పాడైన సరుకు అని చెప్పి లేచింది. తౌకే మొహం నల్లబడింది. ఫొటోలు తీశాక, ఆ మూల అంచు ఊడుతోందని నెల రోజులు కూర్చుని బాగుచేసింది ఆంటీ. కెమెరా అబద్ధం చెప్పదు కాబట్టి పిట్ట కాలు పోగొట్టింది ఆంటీయేనని ఆయన తేల్చేశాడు. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు, తప్పు నాదే, ఎప్పుడో మాన్పించాల్సింది అని మిసెస్ లిమ్ ముందే అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆంటీని అలా ఎవరూ అనలేదు.

ఆంటీ ఆ ప్రింటు తీసుకుని చాలాసేపు చూసింది. నాలుగు మూలలూ, నాలుగు వైపుల పూలూ. ఆవిడకు ఏం జరిగిందో అర్థమైందని నాకు అర్థమైంది. ఆ మూల అసలు ఎలా ఉండేదో ఫొటోల రోజే చూశాను. చెబితే తౌకే నన్ను మెడపట్టి గెంటుతాడు, చెప్పకపోతే ఆవిడ చోట బల్ల వస్తుంది. ఆవిడ నా వైపు తిరిగి, ఆ గదిలో మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియని భాషలో అడిగింది.

"బాబూ, నువ్వు ఫొటో తీసినప్పుడు ఆ పిట్టకి కాళ్లెన్ని?"

నేను ఏం చెప్పినా చెల్లుతుంది. రెండు అన్నా అక్కడ కాదనేవాళ్లు లేరు. ఆవిడ కూడా కాదనదని ఆ చూపులోనే ఉంది.

"ఒకటే, ఆంటీ" అన్నాను.

"అదే తౌకేకి ఇంగ్లీషులో సెప్పు."

చెప్పాను. నలభై తివాచీల సంగతీ చెప్పాను. తౌకే ఫార్సీలో ఏం తిట్టాడో నాకు ఈనాటికీ తెలియదు, తెలియకపోవడమే మంచిది. మిసెస్ లిమ్ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "కాపీ కొట్టావు లా, అదీ నీ పేపర్లోంచి నువ్వే" అని సింగపూర్ ఇంగ్లీషులో అంటూ నవ్వడం మొదలుపెట్టింది. ముప్ఫై అయిదేళ్ల సర్వీసులో ఇలాంటి కాపీ చూడలేదట. ఆవిడ నవ్వుకు తౌకే కోపం సగం దిగింది. తర్వాత ఆవిడే మళ్లీ నేల మీద కూర్చుని, ఆ పిట్టకు ఒక్క కాలే ఎందుకని ఆంటీని అడిగింది.

ఆంటీ తివాచీ తిరగేసి చూపించింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసినది. కుడి వైపు మనిషిది బిగుతు చెయ్యి, ఎడమ వైపు మనిషిది వదులు. వదులు ముడులు ఎక్కువ చోటు తినేస్తాయి, చివరికి వచ్చేసరికి ఎడమ మూలలో పిట్టకు చోటు చాల్లేదు. ఆ మనిషి పిట్టను మానెయ్యలేదు, ఒక కాలు ముడిచి నిలబెట్టింది. పొలంలో కొంగ నిలబడదా అని ఆంటీ కూర్చున్నచోటే ఒక మోకాలు పైకి లాక్కుని చూపించింది. మిసెస్ లిమ్ ఆ మూల మీద చెయ్యి పెట్టి, ఆ మనిషి బతికే ఉందా అని అడిగింది. తెలియదని ఆంటీ అంది. మూడు వారాలు వచ్చి, బేరమాడి, టీ తాగి, మళ్లీ బేరమాడి, చివరికి ఆ తివాచీనే కొనుక్కుపోయింది ఆవిడ.

నాకు శిక్ష పడింది. నలభై తివాచీలకూ మళ్లీ ఫొటోలు, ఈసారి ముక్కలు ముక్కలుగా ఉన్నదున్నట్టు. ప్రతి ఫొటో కింద ఆ తివాచీలో ఏది దేనితో సరిపోలదో రాయాలి. ఆంటీ చెప్పేది, నేను రాసేవాణ్ణి. ఇక్కడ నీలం రంగు అయిపోయి కొత్తది కలిపారు, చార చూడు. ఇక్కడ దానిమ్మకాయ సగమే నేసి లేచిపోయారు, ఎవరో పిలిచి ఉంటారు. ఇక్కడ ఇంకో మనిషి వచ్చి కూర్చుంది, ముడి మారింది. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన శిక్ష ఇంకొకటి లేదు. తప్పులు వెతకడం నా ఉద్యోగమే, కానీ తప్పు దగ్గర కూర్చుని అది చేసిన మనిషిని ప్రేమగా తలుచుకోవచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు. జనం తివాచీలు చూడ్డం కంటే ఆ రాతలు చదవడానికే ఎక్కువ వచ్చేవారు, వచ్చినవాళ్లు ఆంటీని చూపించమనేవారు. కంప్యూటర్ బల్ల మాట తౌకే మళ్లీ ఎత్తలేదు. ఆంటీ ఇంకో పదకొండేళ్లు అదే అద్దం పక్కన కూర్చుని, తనకు చాలనిపించిన రోజున సూది తౌకే చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె పోయినప్పుడు నేను సింగపూర్‌లోనే ఉన్నాను, ఆఖరి చూపు దక్కింది. అక్కడా పులుసన్నం గురించే చెప్పుకున్నాం అందరం.

ఇప్పుడు నా కింద పదిహేనుమంది టెస్టర్లు ఉన్నారు. ఈ కథ వాళ్లకు ఎప్పుడో హాకర్ సెంటర్లో తింటూ చెప్పాను, ఆంటీ అడిగిన ప్రశ్న తెలుగులోనే వాళ్లకు పట్టుకుంది. పోయిన నెల వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని ఒక పెద్ద క్లయింటు ఆఫీసుకు వెళ్లాను. ఒక్క చోట ప్రోగ్రాం తేడాగా ఉంది. చిన్నదే, వారంలో గప్‌చుప్‌గా సరిచేసెయ్యొచ్చని లోపల అనుకుంటున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయా అని క్లయింటు అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నా పక్కన కూర్చున్న నూరుల్, తెలుగు ఇంకొక్క ముక్క రాని మలయ్ అమ్మాయి, నా వైపు కొంచెం వంగి నెమ్మదిగా "కాళ్లెన్ని?" అంది. ఆ గదిలో ఆ మాట అర్థమైంది మా ఇద్దరికే.

"ఒకటే" అన్నాను. తర్వాత అదే క్లయింటుకి ఇంగ్లీషులో చెప్పాను.