నల్లాకు తాళం

నీళ్ళ నల్లాకు తాళం వేసి, పదమూడేళ్ళు పొడి దుమ్ములో బండ కోయించి మా ఉస్తాద్‌ను చంపారు. మెత్తగా చెప్పడం నాకు రాదు. తాండూరు బండల కార్ఖానాలో నాకు కోత నేర్పింది ఆయనే. మొన్న శుక్రవారం వికారాబాద్ దవాఖానాకు తీసుకుపోతుంటే రైల్లోనే ఊపిరి ఆగింది. దగ్గుతో పోయాడంటున్నారు. దగ్గుతో కాదు, దుమ్ముతో.

ఆయన చేతి కోత చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. స్నానాల గదులకు తెల్ల పింగాణీ టైల్స్ మా వైపు కొత్తగా వస్తున్న రోజులవి. బండ కోసే చేతులకు అవి లొంగేవి కావు, అంచులు పెచ్చులు లేచేవి. నేను ఒక్క పూటలో ఏడు పగలగొట్టాను. ఉస్తాద్ తిట్టలేదు. సాయంత్రం ఇంటికి రమ్మన్నాడు.

పారేసిన టైల్స్ ఏరి తెచ్చి, ఇంట్లో పొయ్యి వెనక గోడకు తనే అతికించుకుంటున్నాడు. మూలన తొట్టిలో టైల్స్ నానుతున్నాయి. ఒకటి తీసి తుడిచి, వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది.

"గిట్ల మోగితే కొయ్యాలె. బొంగురుగ మోగిందంటే లోపట పగులున్నట్టు. దాన్ని ముట్టకు బేటా."

నిగనిగలాడే వైపు పైకి పెట్టి, అద్దాలు కోసే హీరా కలంతో ఒక గీత గీశాడు. ఆ చప్పుడు సన్నగా, తెగకుండా సాగింది. నేను దాని మీదే మళ్ళీ గియ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కటే గీత. రెండోది గీస్తే అంచు చెడుతది. భయమున్నోడే రెండోసారి గీస్తడు."

గీత కింద సన్న మేకు పెట్టి, రెండు వైపులా అరచేతులతో నొక్కాడు. టక్కుమని విరిగింది. అంచు వెంట వేలు నడిపాను, ఎక్కడా గీరుకోలేదు.

పొయ్యి దగ్గర ఆయన భార్య, మా చాచీ, నవ్వింది. "టైల్సుకు దినాం తానం పోస్తడు. తన తలకాయి మాత్రం పిండిగిర్ని లెక్క!"

కార్ఖానాలో నీళ్ళు లేక కాదు. తడిసిన బండ అసలు రంగు కొనేవాళ్ళకు తెలియదని కార్ఖానా యజమాని సేటు కోత యంత్రం పక్కన నల్లాకు తాళం వేయించాడు.

"బకెట్టెడు నీళ్ళియ్యుండ్రి సేట్, దుమ్ము కూసుంటది," అని ఉస్తాద్ నా ముందే అడిగాడు.

"రుమాలు కట్టుకో. ఇన్నేండ్ల సంది బతికే ఉన్నవ్ గద!"

ఉస్తాద్ రుమాలు కట్టుకున్నాడు. నేను నోరు తెరవలేదు. ఇప్పుడు సేటు మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది.

పోయిన నెల ఉస్తాద్ మంచం మీద కూర్చుని, తన ఛాతీ మీద వేలి కణుపుతో కొట్టుకున్నాడు. "విన్నవా? బొంగురుగుంది." నవ్వబోయాడు, దగ్గు నవ్వనివ్వలేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజు దాటగానే వచ్చి ఆ యంత్రం మీద కూర్చోమని సేటు నాకు కబురు పెట్టాడు. నాకు వేరే పని రాదు. పొద్దున లేస్తే ఇప్పటికే దగ్గు. నా ఛాతీ మీద కొట్టి చూసుకోవాలంటే చెయ్యి రావడం లేదు.

చాచీ వాళ్ళ పొయ్యి వెనక ఒక్క టైలు జాగా ఖాళీగా మిగిలింది. దాని కోసం ఒక టైలుకు ఉస్తాద్ గీత గీసి పెట్టాడు, విరవలేదు. నలభయ్యో రోజున నేను విరిచి అతికిస్తానని చాచీకి మాటిచ్చాను. సేట్, ఆ పొద్దుటికల్లా నల్లా తాళం తీయాలి. తీస్తావో తీయవో ఆలోగా మా అందరి ముందు చెప్పాలి. చెప్పకపోతే ఆ యంత్రం నా చేత్తో తిరగదు.

అప్పటిదాకా ఆ టైలు తొట్టి అడుగున, నీళ్ళలో, ఒక్క గీతతో ఉంటుంది.