జమ్ములమ్మ పట్టిన గొర్రెలు

మానవపాడు చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెలకు సూదులు వేయడం నా పని. పేరు ఇమ్మానుయేల్. పదకొండేళ్లలో నా నోరు మూయించింది ఒక్క జమ్ములమ్మే. మొదటిసారి ఆమె దొడ్డికి పోయి, "మగోళ్లెవరూ లేరా అక్కా?" అన్నాను.

"సూది గొర్లకేస్తవా, మగోళ్లకేస్తవా?" అంది. మందుపెట్టె దింపాను.

భర్త పోయాక ఆమె అరవై గొర్రెలూ, మరిది మద్దిలేటి తొంభై గొర్రెలూ ఒకే మందగా తిరుగుతున్నాయి. మూడేళ్ల కిందట పారుడు రోగం సోకి, ముక్కులు కారి, కడుపులు జారి, వారంలో సగం మంద చచ్చింది. గుంటలు తవ్వి పూడ్చింది ఆమే. మళ్లీ అలా కానివ్వనని, మంద మొత్తానికీ సూదులు వేయించాలని పట్టుపట్టింది. తనవి మాత్రమే బతికితే చాలదు. ఎరువు కోసం పొలంలో మంద కట్టించుకునే రైతు అరవై గొర్రెల మొహం చూడడు. రెండిళ్ల తిండీ ఆ ఎరువుకు రైతు ఇచ్చే గింజల మీదే.

మద్దిలేటి ససేమిరా అన్నాడు. "సూడి గొర్లకు సూదేస్తే ఈసుకపోతయి వదినా. సూదేసిండ్రని తెలిస్తే రోగమున్నదనుకొని రైతు పొలంల దిగనియ్యడు."

రెండో మాట నిజమే. మా వైపు రోగాన్ని దాచిపెట్టేది ఆ భయంతోనే. కడుపులో పిల్లలు పోతాయన్న మొదటి మాటకే నాకు ఒళ్లు మండింది.

"ముందుగాల నావాటికేయనీ, సూద్దువు" అంది జమ్ములమ్మ.

ఆమెవాటిలో పద్దెనిమిది సూడి గొర్రెలు. తొమ్మిదింటిని ఆమె మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టింది. మిగతావాటిని మద్దిలేటి అలవాటుగా వెనక కాలు గుంజి, ఎత్తి నేలకేసి అదిమాడు. వద్దనాల్సింది నేను. కలిపిన మందు పాడవుతుందన్న తొందరలో ఊరుకున్నాను. నాలుగో రోజుకు రెండు ఈసుకుపోయాయి.

ఊరంతా సూదిని తిట్టింది. నేను ఆ దారిన బండి నడపడమే మానేశాను. సిగ్గుపడే చెబుతున్నాను. ఆమే పశువుల దవాఖానకు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నేను పట్టినయి ఒక్కటన్న పోయెనా సారూ?"

"లేదక్కా."

"ఆయన ఎత్తేసినయే పోయినయి. కండ్లార సూసినవ్. మరి నోరెందుకు తెర్వవు?"

మర్నాడే పోయి, తప్పు సూదిది కాదని, గొర్రెల్ని ఎత్తి పడేస్తుంటే ఆపని నాదేనని నలుగురిలో ఒప్పుకున్నాను. మద్దిలేటి నేల చూపులు చూశాడు. జమ్ములమ్మ అతన్ని తిట్టలేదు. "పోయినయి నావి, నీవి గావు. నీ తొంభై నేనే పడత. ఒక్కటి ఈసుకపోయినా నాదాంట్లకెళ్లి సూడి గొర్రె తోల్కపో" అంది. రైతు దగ్గరికీ తనే పోయి, రోగం రాకముందే వేయిస్తున్నామని చెప్పింది. అతను వారం ఆగి రమ్మన్నాడు. ఆ వారం ఎరువు గింజలు పోయినా పోనీ అనుకుంది.

బుధవారం పొద్దున మొదలుపెట్టాం. ఒక్కో గొర్రెనూ నిలబెట్టి పట్టింది, ఒక్కదాన్నీ పడనివ్వలేదు. మద్దిలేటి గోడకానుకుని చూస్తూ కూర్చున్నాడు. ఎనభై దాటాక ఆమె ఒక చేత్తో నడుం పట్టుకుంది. ఆగుదామా అన్నాను. "సూదెయ్ సారూ" అంది పళ్లు బిగించి.

అప్పుడు లేచాడు మద్దిలేటి. దొడ్డిలోకి వచ్చి తన సూడి గొర్రె ముందు వంగాడు. చెయ్యి వెనక కాలి వైపు పోబోయి ఆగింది. దాని మెడ కింద చెయ్యి వేసి, మెల్లగా మోకాళ్ల మధ్యకు తీసుకున్నాడు.

"గిట్లనేనా వదినా?" అన్నాడు.