నత్తగుల్లల ఓడ

1893. కాకినాడ రేవులో సరుకు దింపే కూలీలకు నేను మేస్త్రీని. రేవు ముందు ఇసుక మేట అడ్డం కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేస్తే మా పడవలు వెళ్లి సరుకు దింపుకొచ్చేవి.

ఆ శ్రావణంలో బర్మా దిగువ దీవుల నుంచి ఒక తెరచాప ఓడ సముద్రపు నత్తగుల్లలతో వచ్చింది. ఒక్కొక్కటి పిడికిలికంటే పెద్దది. లోపలి పొర ముత్యంలా మెరుస్తుంది. దొరల చొక్కాలకు దానితో గుండీలు చేస్తారట. మాంసం అక్కడివాళ్లు ఇష్టంగా తింటారు. గుల్లల్ని ఉడకబెట్టి, మాంసం లాగేసి, బాగా ఎండబెట్టాకే ఓడకెక్కించాలి. ఈ ఓడవాళ్లు తొందరపడి సగం మాంసం గుల్లల్లోనే వదిలేశారు. పైగా వానకు భయపడి దారి పొడవునా హాచ్ బిగించేశారు. హాచ్ అంటే డెక్కు మీద ఉండే చదరపు మూత. దాని కింద సరుకు నింపే చీకటి గదిని హోల్డు అంటారు.

మూత ఎత్తగానే గుప్పున కంపు కొట్టింది. "విండ్‌సెయిల్ కట్టేదాకా ఎవరూ దిగొద్దు!" అని అరిచాను. విండ్‌సెయిల్ అంటే పైగాలిని హోల్డులోకి దింపే గుడ్డ గొట్టం. దాన్ని విప్పడానికి నేను తెరచాప స్తంభం దగ్గరికి వెళ్లానో లేదో, ఆ ఓడ కళాసీల పెద్ద, సరంగు, మా కూలీ అప్పన్నను ఎగదోశాడు.

"చేపలు పట్టేవాడికి కంపేంటయ్యా! దిగు."

ఆ మాట తలచుకుంటే ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది. అప్పన్న రోషంగా నిచ్చెన దిగాడు, అడుగున కాలు పెడుతూనే కూలిపోయాడు. గుల్లల్లో మాంసం కుళ్లి, మూసిన హోల్డులో గాలంతా విషమైపోయింది.

అతని అన్న పోలయ్య పక్కనే ఉన్నాడు. ఇద్దరిదీ ఉప్పాడ. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది పోలయ్యే. బురదలో ఇరుక్కున్న లంగర్లు విడిపించాలంటే రేవంతా అతన్నే పిలిచేది. నీటి అడుగున అంతసేపు ఊపిరి పట్టేవాడు మరొకడు లేడు.

"ఆగరా, నడుముకి తాడు కడతాను," అన్నాను.

"తాడు కాళ్లకి అడ్డమండి. మునిగేటప్పుడు ఎప్పుడైనా కట్టుకున్నానా? ఆ కొస ఇలా ఇవ్వండి, ఆడికి కడతాను. నా ఊపిరి సంగతి మీకు తెలీదా మేస్త్రీ గారూ?"

గుండె నిండా గాలి పీల్చుకుని దిగాడు. మేమంతా హాచ్ అంచున వంగి చూస్తున్నాం. గుల్లల మీద మోకాళ్లూని, తమ్ముడి చంకల కింద తాడు చుట్టి, లంగరుకు వేసినంత గట్టిగా ముడి వేశాడు. పని అయిపోయింది. నోరు మూసుకుని పైకి వచ్చేస్తే చాలు. కానీ తమ్ముడి ముఖం చూశాడు. భుజం పట్టి కుదుపుతూ, "ఒరేయ్ అప్పన్నా!" అని పిలిచాడు.

పిలిచాక ఊపిరి తీసుకోవాలి కదా. తీసుకున్నాడు. తమ్ముడి పక్కనే ఒరిగిపోయాడు.

తాడు లాగితే అప్పన్న వచ్చాడు. డెక్కు మీద పడుకోబెట్టాక కాసేపటికి మూలిగాడు. పోలయ్య కోసం దిగబోయిన వాళ్లను రెక్కలు పట్టి ఆపాను. తిట్టారు, ఏడ్చారు, అయినా వదల్లేదు. విండ్‌సెయిల్ గాలి లోపలికి దిగాకే అతన్ని తీయగలిగాం. అప్పటికి ప్రాణం లేదు.

తేరుకున్నాక అప్పన్న నన్ను అడిగాడు. "లోపల అన్నయ్య నన్ను పిలిచినట్టు అనిపించిందండి. పిలిచాడా?"

"లేదురా. కల వచ్చి ఉంటుంది," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ పిలుపు విన్నవాళ్లే. అయినా నా మాటకే తలలూపారు.

తర్వాత చాలా ఏళ్లు రేవులో పనిచేశాను. ఏ హోల్డు తెరిచినా ముందు దీపం దింపించేవాణ్ణి. అది ఆరిపోతే ఎవర్నీ దిగనిచ్చేవాణ్ణి కాదు. దిగే ప్రతివాడి నడుముకూ తాడు కట్టించేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకు ఇంకో మాట కూడా చెప్పేవాణ్ణి. ఊపిరి పట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు, కళ్లెదుట సొంతవాడు పడి ఉంటే పిలవకుండా ఉండటమే కష్టం, లోపల ఎవరున్నా నోరు తెరవొద్దు అని.

ఆ మాట చెప్పే ముందు అప్పన్నను ఏదో ఒక పని మీద ఒడ్డుకు పంపేసేవాణ్ణి.