ప్రాణంతో రావలసిన చేప

డెబ్బైల చివర్లో, మిస్సోరీలో ఉండగా, నాకు కడుపులో పుండుకి ఆపరేషన్ చేశారు. కడుపులో కొంత భాగం తీసేశారు. కుట్లు మానాయి, జ్వరం రాలేదు, అంతా సవ్యంగా ఉందని డాక్టరు సంతోషించాడు. తిండి మాత్రం లోపలికి వెళ్ళలేదు. వెళ్ళక కాదు, నేనే పంపలేదు. నాకు చచ్చిపోవాలని ఏమీ లేదు. అలాగని తినాలనీ లేదు. ఈ రెండింటికీ మధ్య ఒక చోటు ఉంటుంది, అక్కడ చాలా ప్రశాంతంగా ఉంటుంది. ఆ వేసవి చివరంతా నేను అక్కడే కూర్చున్నాను.

మేం వెళ్ళే చర్చిలోని అమెరికన్ ఆడవాళ్ళు మంచివాళ్ళు. వంతులు వేసుకుని రోజుకొకరు గాజు గిన్నెలో వంట తెచ్చిపెట్టేవారు. డబ్బా చేప, నూడుల్స్, చీజ్ కలిపి పొయ్యిలో కాల్చిన వంట అది. ఎవరు తెచ్చినా అదే. నేను తినను, మా ఆయన శాకాహారి. ఆయన గుమ్మంలో నిలబడి ప్రతి గిన్నెకీ థాంక్స్ చెప్పి, తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పెట్టేవారు. కొన్నాళ్ళకి ఫ్రీజర్ తలుపు పడలేదు.

ఆయనది గుంటూరు వైపు, ఉల్లిపాయ వెయ్యాలన్నా ఒకసారి ఆలోచించే ఇల్లు. మాది కొల్లేటి అంచున, వారానికి ఐదు రోజులు చేపలు తినే క్రైస్తవ కుటుంబం. మా పెళ్ళి ఎలా అయిందన్నది వేరే కథ, అందులో చేపలు లేవు. పెళ్ళయ్యాక మాత్రం ఒక ఒప్పందానికి వచ్చాం. చేపల గిన్నె వేరు. అది సింక్ కింద, సబ్బు డబ్బాల వెనక ఉంటుంది. ఆయన ఆఫీసుకి వెళ్ళాక వండుకుంటాను, కిటికీలు తెరుస్తాను, ఆయన వచ్చేలోపు కడిగి మళ్ళీ అక్కడే పెడతాను. ఆయన ఆ గిన్నెని ఎన్నడూ ముట్టుకోలేదు. అడ్డం చెప్పనూ లేదు. అంతకన్నా ఏం కావాలి?

సెప్టెంబరు చివర్లో డాక్టరు నన్ను తూకం మిషన్ ఎక్కించి చూసి, ఈసారి సంతోషించలేదు. వచ్చే సోమవారానికి బరువు ఇంకా తగ్గితే హాస్పిటల్లో చేర్చి ముక్కులోంచి గొట్టం వేసి పాలలాంటిది పడతామన్నాడు. ఆ మాట నాతో అనలేదు, మా ఆయనతో అన్నాడు. ఎందుకంటే నేను గోడమీద క్యాలెండరు చూస్తున్నాను. ఇంట్లోకి రాగానే ఆయన, కోటు కూడా విప్పకుండా, మీ అమ్మ హాస్పిటల్లో ఇచ్చే చేప పేరేంటని అడిగారు.

మా అమ్మ మిషన్ హాస్పిటల్లో నర్సు. పైకి లేవలేని రోగులకీ, బాలింతలకీ కొర్రమీను చారు పట్టించేది. కొల్లేరు నుంచి చేపలమ్మే ఆవిడ బిందెలో నాలుగు చెంబుల నీళ్ళు పోసి, అందులో కొర్రమీనులు వేసుకుని నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఎండలో అంత దూరం నడిచొచ్చినా అవి బిందెలో మసలుతూనే ఉండేవి. అమ్మ చెయ్యి పెట్టి చూసి, కదిలితేనే తీసుకునేది. కదలని చేప రోగికి పనికిరాదనేది. ప్రాణంతో వచ్చిందే ఒంటికి పడుతుందని ఆవిడ నమ్మకం. పెళ్ళైన కొత్తలో, వాన పడుతున్న ఒక సాయంత్రం ఊరికే చెప్పాను ఈ సంగతి. ఆయన విన్నట్టు కూడా నాకు గుర్తులేదు.

ఆయన మేముండే ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగొచ్చారు. అక్కడ చేపంటే తలా తోకా లేకుండా పలకలా గడ్డకట్టిన ముక్క. ప్రాణంతో ఉన్న చేప ఎక్కడ దొరుకుతుందని ఆఫీసులో డ్రాయింగులు గీసే ఒక పెద్దాయనని అడిగారట. ఆయన శనివారాలు చేపలు పట్టుకునే మనిషి. దక్షిణాన రెండు గంటల ప్రయాణంలో డ్యాం కింద ఒక లేక్ ఉంది, ఈ రోజుల్లో ట్రౌట్ చేప బాగా పడుతోంది, రండి, గాలం నేనిస్తాను అన్నాడు. ఎందుకు ప్రాణంతోనే కావాలో మాత్రం అడగలేదు. ఇండియావాళ్ళ మతంలో అలా ఉంటుందనుకున్నాడని తర్వాత తెలిసింది.

శనివారం తెల్లారకముందే నన్ను దుప్పట్లో చుట్టి స్టేషన్ వ్యాగన్‌లో కూర్చోబెట్టారు. వెనక సీటు ముందు ఒక ప్లాస్టిక్ బకెట్. కార్లో ఎప్పుడూ ఉండే స్టీలు గ్లాసు. ఆయనకి పెరుగన్నం డబ్బా. నాకు ఏం తెమ్మంటావని అడగలేదు, అడిగీ అడిగీ విసిగిపోయారు.

అది లేక్ అన్నారు కానీ చూడ్డానికి ఏరులా సన్నగా, పొడుగ్గా ఉంది. పైన పెద్ద డ్యాం ఉంది, దాని అడుగునుంచి వదిలే నీళ్ళే దీన్ని నింపుతాయి. డ్యాం వెనక లోతున ఎండ తగలని నీళ్ళు కాబట్టి ఆగస్టులోనూ చల్లగా ఉంటాయట. కరెంటు మిషన్లు తిప్పే ముందు సైరన్ మోగిస్తారు. మోగితే ఒడ్డు నుంచి వెనక్కి జరగాలి, నీళ్ళు చూస్తుండగానే పైకొస్తాయి. గుట్టలమీద చెట్లింకా పచ్చగానే ఉన్నాయి. ఒడ్డున పొదలు మాత్రం తొందరపడి ఎర్రబడ్డాయి. వేసవి పడవలవాళ్ళు వెళ్ళిపోయారు. నీళ్ళమీద పొగమంచు. పెద్దాయన నాకు మడత కుర్చీ వేసి, టోపీ ఎత్తి పలకరించి, ఇంక నా జోలికి రాలేదు. ఆ విషయంలో ఆయన నాకు బాగా నచ్చాడు.

మా ఆయన ఎర దగ్గరే ఆగిపోయారు. పెద్దాయన డబ్బా తెరిచి వానపాముని చూపించగానే రెండడుగులు వెనక్కి వేశారు. పాపం, ఆ పెద్దాయన ఇంకో డబ్బా తీశాడు. అందులో మొక్కజొన్న గింజలున్నాయి. ట్రౌట్ దీన్నీ తింటుందన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి చేపలు పట్టడానికి వచ్చి, ఎరకి కూడా శాకాహారమే దొరికితే ఎవరు సంతోషించరు?

గాలం విసరడం చాలాసేపటికి గానీ రాలేదు. ఒకసారి కొక్కెం తన స్వెట్టర్‌కే పడింది. నేను చూస్తూ కూర్చున్నాను. జాలీ లేదు, విసుగూ లేదు. ఎవరో ఎవరికోసమో పడుతున్న అవస్థలా ఉంది. మధ్యలో సైరన్ మోగితే ఇద్దరూ నా కుర్చీని నాతో సహా ఎత్తి వెనక పెట్టారు. నీళ్ళు పెరిగాయి, ప్రవాహం వడి పెరిగింది, అప్పుడు మొదటి చేప పడింది. వెండి ఒళ్ళు, పక్కన గులాబీరంగు చార, మూర కన్నా తక్కువే. ఆయన గాలం పట్టుకుని నిలబడ్డారు, కొక్కెం పెద్దాయన తీశాడు. లేక్ నీళ్ళు పట్టిన బకెట్లో వేశారు. మధ్యాహ్నానికి మూడు చేపలయ్యాయి.

నేను లేచి వెళ్ళి లేక్‌లో చెయ్యి పెట్టి చూశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. అప్పుడు అర్థమైంది నాకు. కొర్రమీను బురదలో పుట్టిన జీవి, నీళ్ళ పైకి మూతి పెట్టి గాలి పీల్చుకుంటుంది, బిందెలోనే కాదు, తడిగుడ్డలో చుట్టినా బతుకుతుంది. ఇది ఈ చలినీళ్ళు తప్ప ఎరగని చేప. ఎండలో, కార్లో, బకెట్లో రెండు గంటలు ఎలా ఉంటుంది? చేపలన్నీ ఒకటేననుకునే మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చెబుదామా అనుకున్నాను. చెబితే మాట్లాడాలి. ఊరుకున్నాను.

పెద్దాయన తన ఐసు పెట్టె ఇవ్వబోతే మా ఆయన చాలా మర్యాదగా వద్దన్నారు. ప్రాణంతోనే తీసుకెళ్ళాలండి, అన్నారు. పెద్దాయన తల వంచి, ఎవరి పూజకో అడ్డొచ్చినట్టు పక్కకి తప్పుకున్నాడు.

హైవే ఎక్కకముందే ఒకటి వెల్లకిలా తేలింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, నిద్రపోతోందేమో అన్నారు. ఇంకాస్త దూరం పోయాక రెండోది. అప్పుడు నిద్ర అనలేదు. ఎదురుగా కనిపించిన గ్యాస్ స్టేషన్లోకి కారు తిప్పి, లోపలికి పరిగెత్తి, ఐసు సంచీ కొనుక్కొచ్చారు. చచ్చిన రెంటినీ కళ్ళు పక్కకి తిప్పుకుని కాగితం సంచిలో వేశారు. ఐసు కుమ్మరించి, బకెట్ కింద పెట్టుకుని, సిమెంటు నేలమీద గొంతుక్కూర్చుని, స్టీలు గ్లాసుతో నీళ్ళు పైకెత్తి పొయ్యడం మొదలుపెట్టారు. పాలు చల్లార్చినట్టు. గాలి తగిలితే బతుకుతుందని ఎక్కడో చదివారట.

పెట్రోలు కొట్టించుకునేవాళ్ళు చూస్తున్నారు. ఒక చిన్నపిల్ల దగ్గరికొచ్చి నిలబడితే వాళ్ళమ్మ లాక్కెళ్ళింది. ఆయన ఎవరినీ చూడలేదు. ఎత్తుతున్నారు, పోస్తున్నారు, ఎత్తుతున్నారు, పోస్తున్నారు. చొక్కా చేతులు తడిసి కారుతున్నాయి. చేప పేరు పలకడానికే మొహం చిట్లించే మనిషి, వంగి దానితో ఏదో అంటున్నారు. కారు అద్దం దించాను.

"ఇంకొంచెం సేపు ఓర్చుకో. ఇంటికెళ్ళిపోదాం," అంటున్నారు చేపతో.

హాస్పిటల్ మంచం పక్కన నాతో అన్న మాటే అది. అక్షరం మారలేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్ల దగ్గర లాగింది, ఆ లాగినచోటి నుంచి ఏడుపొచ్చింది. ఈయన పిచ్చిగానీ, ఆ చేప ఇంటికి చేరితే నేనూ చేరతానని అనుకుంటున్నారు. నాకు ఆయనమీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. అన్ని రోజులుగా నేనొక్కదాన్నే కూర్చున్న ఆ ప్రశాంతమైన చోటు ఏమైందో, మళ్ళీ వెతికినా దొరకలేదు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాం. ఆయన బకెట్ వంటింట్లో సింక్ పక్కన పెట్టి, కారు తలుపులు వెయ్యడానికి వెళ్ళారు. వంగి చూశాను. మూడోది పక్కకి ఒరిగి ఉంది. మొప్పలు ఆడటంలేదు. వేలితో తట్టాను, లాభం లేదు. బయట కారు తలుపు పడిన చప్పుడు, మెట్లమీద అడుగులు వినిపించాయి. నేను మోచేతిదాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, దాని తోక దగ్గర పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ ఆడించాను.

ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఉందా?"

"ఉందండీ. చూడండి, కదుల్తోంది."

కాసేపు చూశారు. తర్వాత వంగి, సింక్ కింద సబ్బు డబ్బాలు జరిపి, నా చేపల గిన్నె తీసి పొయ్యిమీద పెట్టారు. వెళ్ళి వెనక మెట్లమీద కూర్చున్నారు.

మా ఊళ్ళోలా చేపని రుద్దడానికి అక్కడ బూడిద ఎక్కడ దొరుకుతుంది, ఉప్పుతో రుద్ది జిగురు పోగొట్టాను. తల తీసెయ్యలేదు. జీలకర్ర, మిరియాలు, చారెడు చింతపండు. గరిటె పెట్టకుండా, మసిగుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని తిప్పాను. నిలబడలేక మధ్యలో రెండుసార్లు కుర్చీలో కూర్చున్నాను. కొర్రమీను రుచి ఏమీ రాలేదు, ముక్క పొయ్యిమీదే విడిపోయింది. అన్నంలో కలుపుకుని, మొదటి ముద్ద ఆయనకోసం తిన్నాను. రెండోదీ అంతే. ఆ తర్వాతవి ఎవరికోసం తిన్నానో గుర్తులేదు, తల కూడా వదల్లేదు. ఆయన లోపలికొచ్చి బల్ల అవతలి చివర కూర్చుని, డబ్బాలో మిగిలిన పెరుగన్నం తిన్నారు. కిటికీలు తెరవడం ఇద్దరమూ మర్చిపోయాం.

ఆదివారం మిగిలిన చారు తిన్నాను. సోమవారం తూకం ముల్లు కిందికి జరగలేదు. డాక్టరు గొట్టం ఊసెత్తలేదు.

ఎనభైల్లో, దాదాపు ప్రతి ఏడూ పొదలు ఎర్రబడే రోజులకి, మేం ఆ లేక్‌కి వెళ్ళేవాళ్ళం. ఆయనకి గాలం విసరడం బాగా వచ్చింది. ఎర అప్పటికీ మొక్కజొన్నే, తినడం అప్పటికీ లేదు. ఐసు పెట్టె కొన్నాం. చేపల గిన్నె కింది నుంచి పై అరలోకి వచ్చింది. ఇంటికెవరొచ్చినా ఆయన ఆ కథ చెప్పేవారు, ప్రాణంతో తెచ్చానండీ అని. నేను సరిదిద్దలేదు. ఒక ఏడు మాత్రం, ఒడ్డున ఇద్దరమే ఉన్నప్పుడు, ఇంక దాచడం ఎందుకని నిజం చెప్పేశాను.

ఆయన నీళ్ళవైపే చూస్తూ, "తెలుసు. మన వీధి మలుపులో రెడ్ లైట్ దగ్గర వెనక్కి తిరిగి చూశాను, అప్పటికే పోయింది," అన్నారు.

మరి ఉందా అని ఎందుకు అడిగారన్నాను.

"వచ్చేసరికి నువ్వు చెయ్యి పెట్టి ఆడిస్తున్నావుగా. అంతకుముందు ఏం అడిగినా తలూపి ఊరుకునేదానివి. నాకోసం అబద్ధం ఆడే ఓపిక వచ్చిందంటే, ఇక అన్నం తింటావనిపించింది."

అని, డబ్బాలోంచి ఇంకో మొక్కజొన్న గింజ తీసి కొక్కేనికి గుచ్చుకున్నారు.