గుంపుల చదువు

మొన్న మనవరాలిని కాలేజీలో చేర్చడానికి అనంతపురం పోతే, కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా తల ఎత్తకుండానే "ఏ గ్రూపమ్మా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వచ్చినంత తొందరగా పోయింది కూడా. మనవరాలు నా మోచెయ్యి గిల్లి, లెక్కల గ్రూపని తనే చెప్పుకుంది. ఆ మాట మా ఇంట్లో ఒకప్పుడు ఎంత పని చేసిందో ఆ పిల్లకేం తెలుసు? నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

అవి యాభైల చివరి సంవత్సరాలు. మాది బత్తలపల్లెకు నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న చిన్న ఊరు. మా చిన్నాన్న, అంటే నాయనకు తమ్ముడు, మద్రాసులో లెక్కల ఎమ్మే చదువుతూ వేసవి సెలవులకు వచ్చాడు. అవ్వ రాగిముద్ద వడ్డిస్తూ "ఏం సదువుతాండావురా?" అని అడిగింది. ఆయన చదివేది గ్రూప్ థియరీ. సౌష్ఠవం అంటే ఆమెకు తెలియదు, గ్రూపనే ఇంగ్లీషు మాట అసలే తెలియదు. పాపం, ఆయన ఆలోచించి ఆలోచించి "గుంపుల గురించిమ్మా" అన్నాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అవ్వ నలుచదరం పీటను పావు వంతు తిప్పాడు. "తిప్పినట్టు తెలుస్తాండాదా?" అన్నాడు. తెలియలేదు. అట్లా వస్తువు రూపం మారకుండా తిప్పగల తిప్పుళ్ళన్నీ ఒకచోట చేరిస్తే అదే గుంపట. స్ఫటికాల అమరికనూ, అణువుల లోపలి సంగతులనూ కూడా ఈ లెక్కతోనే విప్పుతున్నారని చెబుతుంటే ఆయన మొహం చూడాలి. నాకు పీట తప్ప ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ మొహం కోసం తల ఊపాను.

అవ్వ మాత్రం మర్నాడు పొద్దున్నే చెలమ దగ్గరికి పోయి, "మా చిన్నోడు పట్నంలో గుంపులు సదువుతాండాడు" అని అందరికీ గొప్పగా చెప్పి వచ్చింది. మా ఊళ్ళో గుంపు అంటే ఒకటే అర్థం, కొట్లాడుకునే ముఠా. అట్లాంటివి రెండుండేవి. ఒకరి వీధిలో ఒకరు నడిచేవారు కాదు, ఏటా ఎవరో ఒకరి తల పగిలేది. ఆ ఏడు వానల్లేవు. ఎండిపోయిన వంక ఇసుకలో తవ్విన చెలమలో గిన్నెతో తోడుకునే నీళ్ళు మనుషుల గొంతు తడపడానికే సరిపోయేవి. మా ఎద్దుల జత బతుకుతున్నది ఊరి చివర తోటాయన బావి మీద. ఆయన ఏ గుంపుకూ చెందడు. సొంత అన్నను ఆ తగాదాల్లో పోగొట్టుకున్నాక ఊళ్ళో ఎవరింటికీ పోవడం మానుకున్నాడు. అవ్వ మాట ఆయన చెవిన పడ్డ రోజే తోట గేటుకు తాళం పడింది.

వివరిస్తే సరిపోతుందనుకున్నాడు చిన్నాన్న. చదువుకున్నవాళ్ళకు ఉండే జబ్బే అది. నాయనా నేనూ వెంట పోయాం. "అది లెక్కల గుంపన్నా. అందులో ఏ రెండు కలిసినా వచ్చేది ఆ గుంపులోదే, బయటికి పోదు" అన్నాడు. తోటాయన ఊఁ కొట్టాడు. "ప్రతిదానికీ ఎదురుది ఒకటి ఉండాల. ఇది చేసినదాన్ని అది చెరిపేస్తాది" అన్నాడు చిన్నాన్న. తోటాయన నాయన వైపు చూశాడు. ఏమీ చేయకుండా ఊరికే ఉండేది కూడా ఒకటి ఉండి తీరాలని చెప్పేసరికి, అది తన గురించే అనుకున్నాడు కాబోలు, మొహం మాడ్చుకున్నాడు. "దీన్ని మొదులుపెట్టిందెవురప్పా?" అని అడిగాడు. చిన్నాన్న అబద్ధం ఆడలేడు. ఫ్రాన్సు దేశంలో ఒక కుర్రోడని, చిన్న వయసులోనే తుపాకీ దెబ్బకు పోయినాడని చెప్పాడు. నాయన కళ్ళు మూసుకున్నాడు. తోటాయన కోప్పడి ఉంటే బాగుండేది. చేతులు జోడించి "నేను ఎవురికీ కానోణ్ణప్పా. మీకు నీళ్ళిస్తే నన్నూ మీ గుంపంటారు. పిల్లోళ్ళుండారు నాకు, వదిలేయండి" అన్నాడు. భయపడుతున్న మనిషితో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు?

తను ఊళ్ళో లేకపోతే తోటాయన తాళం తీస్తాడేమోనని చిన్నాన్న సెలవులు ఉండగానే మద్రాసు వెళ్ళిపోయాడు. ఊరు దానికీ అర్థం చెప్పుకుంది. పోయినవాడు గుంపును తేవడానికే పోయాడంది. మేం చెలమ నీళ్ళలో మా వాటా తగ్గించుకుని ఎద్దులకు పోశాం. అవి ఏ మూలకు? ఒకనాటి మధ్యాహ్నం దాపటెద్దు, కాడికి ఎడమవైపు కట్టేది, పడుకుంది. నలుగురు పట్టి లేపినా కాళ్ళు నిలవలేదు. నాయన దాని తల ఒళ్ళో పెట్టుకుని "లేయప్పా, లేయి" అంటూనే ఉన్నాడు. నాయన ఏడవడం నేను చూసింది అప్పుడే. జోడు పోయిన ఎద్దుతో సేద్యం సాగదు. మిగిలినదాన్ని ఆ వారమే సంతకు తోలుకుపోయి, ఒట్టి పలుపుతాడు పట్టుకుని తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం, దాపటెద్దు పోయిందని విని, తోటాయన తాళంచెవి పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. "రాండన్నా, తోడుకోండి. ఎవురేమనుకుంటే అనుకోనీ" అన్నాడు. నాయన పలుపును చుట్ట చుట్టి గోడ మేకుకు తగిలించాడు. గొంతులో కోపం లేదు. "ఇంగ ఎవురికప్పా?" అన్నాడు. ఇద్దరూ చీకటి పడేదాకా అరుగు మీదే కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాలం మనకు ఏదీ లేదనదు, తెచ్చిచ్చే వేళ మాత్రం మనల్ని అడిగి పెట్టుకోదు.