అత్త వేలికి మాత్రమే తెరుచుకునే తలుపు

నన్ను నా సొంత గుమ్మం బయట, భుజాన గుమ్మడికాయతో నిలబెట్టిన ఒక దుర్మార్గుడి గురించి చెప్పబోతున్నాను. వాడి వల్ల ఒక పసిపాప చెవులు మూడు గంటలు ఆలస్యంగా కుట్టారు. ఒక పెద్దావిడ విజయదశమి పూట కాఫీ అయినా తాగకుండా రైలెక్కింది. మణవాళనగర్‌లో మా వీధి వీధంతా పొయ్యిలు ఆర్పేసి వచ్చి వేడుక చూసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వాడెవడో చివర్లో చెబుతానని ఊరించను. నేనే. కానీ ఆ రోజు ఆ ముక్క నాకు తెలియదు కాబట్టి, పొద్దున పది దాకా మిగతా ప్రపంచాన్నంతా తిట్టాను.

నేను తిరువళ్లూరు స్టేషన్ నుంచి మణవాళనగర్‌కి షేర్ ఆటో నడుపుతాను. ఎనిమిదో తరగతిలో నాకూ బడికీ పడక విడిపోయాం. తప్పెవరిదో ఇంకా తేలలేదు. చదువు లేదన్న లోటు నాకెప్పుడూ తెలియలేదు, ఎందుకంటే నా ఆటోలో చదువుకున్నవాళ్లు ఎక్కుతారు. ఆరుగురు ఎక్కితే ఆరు రకాల జ్ఞానం, అడక్కుండానే.

మేముండేది రాజేశ్వరక్క ఇంట్లో. ఎనిమిది పోర్షన్లు, మాది కింద వీధివైపుది. ఖాళీ చేసిన ప్రతివాడూ తాళంచెవి జేబులో వేసుకుని పోతున్నాడని విసిగిపోయి, ఆడి నెల, అదే మన ఆషాఢం, దాటగానే అక్క అన్ని తలుపులకూ స్మార్ట్ లాకులు పెట్టించింది. వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది, లేదా నంబరు కొడితే తెరుచుకుంటుంది. తలుపు మూస్తే దానంతటదే పడిపోతుంది. బిగించే మెకానిక్ మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నేను చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాను.

"అక్కా, మా ఇంట్లో ఏం జరుగుతా ఉండాదో ఇది నీ ఫోన్లో చూపిస్తాదంట కదా?"

"తాళం గోపీ ఇది, టీవీ కాదు. కెమెరా యాడుంది? చూపించు."

"కనిపించేట్టు పెడతారా ఎవురైనా?"

అక్క మెకానిక్ వైపు చూసింది. మెకానిక్ ఆకాశం వైపు చూశాడు.

"సరే, నెట్టు పోతే తలుపు రాదంట. అప్పుడు మేము రోడ్డు మీద పండుకోవాల్నా?"

"దీనికి నెట్టే లేదురా నాయనా. లోపల నాలుగు బ్యాటరీలు, అంతే."

"నీకు కోపం వస్తే నీ ఇంట్లో కూర్చునే మా తలుపు బిగించేస్తావంట."

"నీ మీద కోపం వస్తే నేనే వచ్చి అరస్తాను కానీ, దాన్ని పంపిస్తానా?"

ఇక అసలు ప్రశ్న వేశాను. "మా వేలిముద్ర యాడికి పోతాది?"

"యాడికీ పోదు. ఈ డబ్బాలోనే ఉంటాది. అదీ బొమ్మ కాదు, ఏవో గుర్తులు. దాన్ని తీసుకోని ఎవురూ ఏం చేసుకోలేరు."

నేను నవ్వాను. పాపం, అక్కకు లోకం తెలియదు. పట్టాభిరామ్ నుంచి వచ్చే ఒకాయన నా ఆటోలోనే చెప్పాడు, ఎవరో తాళానికి వేలిస్తే మరుసటి నెల ఆ వేలితో ఇంకెవరో వాళ్ల రేషన్ చక్కెర ఎత్తుకుపోయారట. అది ఎవరికి జరిగింది, ఏ ఊళ్లో జరిగింది అని నేను అడగలేదు. చక్కెర అంటే మాటలా?

అప్పుడు నా బుర్రలో వెలిగిన దీపం ఏమిటంటే, మా అత్త. మునెమ్మత్త మా నాయనకు చెల్లెలు, మా ఆవిడ దేవకికి తల్లి, మాతోనే ఉంటుంది. పేరు మీద పొలం లేదు, బండి లేదు, బ్యాంకు పుస్తకం లేదు. రేషన్ కార్డులో పేరు ఇంకా ఆమె ఊళ్లోనే ఉంది. ఆ వేలిని దొంగిలించినవాడు ఏడుస్తూ తెచ్చి తిరిగి ఇచ్చేస్తాడు. అందుకని తాళంలో మా అత్త కుడిచేతి బొటనవేలు ఒక్కటే వేయించాను. నంబరు వద్దన్నాను. అక్క నంబరు కూడా నా కళ్లముందే చెరిపించాను.

"బావా, నా వేలో?" అంది దేవకి.

"నీకెందుకు? అత్త ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాది కదా."

"నేను మార్కెట్ నించి వస్తే మా అమ్మను లేపాల్నా?"

"లేపు. కూతురివి కాదా?"

అక్క ఒక చిన్న తాళంచెవి నా చేతిలో పెట్టి, "కింద మూత తీస్తే దీనికి కన్నం ఉంటాది. బ్యాటరీలు అయిపోతే చదరం బ్యాటరీ ఒకటి తెచ్చి..." అని ఏదో చెబుతూనే ఉంది. గెలిచినవాడు ఓడినవాళ్ల మాటలు వింటాడా?

అప్పట్నించీ మా ఇంటి తాళంచెవికి మోకాళ్ల నొప్పులుండేవి. మా తాళంచెవి మధ్యాహ్నం కునుకు తీసేది. మా తాళంచెవికి అలకొస్తే బతిమాలాల్సి వచ్చేది. అయినా నేను గర్వంగానే ఉన్నాను. మిగతా ఏడు పోర్షన్లవాళ్లు అమాయకంగా వేళ్లు ఆనించి లోపలికి పోతుంటే, పాపం వీళ్ల చక్కెర, అనుకునేవాణ్ని.

ఇలా రెండు నెలలు గడిచి ఆయుధ పూజ వచ్చింది. మరునాడు విజయదశమికి తిరుత్తణిలో మా చెల్లెలు రేవతి ఇంట్లో పాపకు చెవులు కుట్టే వేడుక. మేనమామ కమ్మలు తేవాలి, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టాలి. అది మా వాళ్లలో రాజ్యాభిషేకంతో సమానం. పైగా రేవతి మొగుడి తమ్ముడు దినకర్ అని ఒకడున్నాడు, చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగం. "మేనమామకు కుదరకపోతే చిన్నాయన ఒడి ఉండనే ఉండాది" అని నెల రోజులుగా ఒడి సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. వంటకు సాయంగా అత్త ముందురోజు మధ్యాహ్నమే తిరుత్తణి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను పూజ మొదలుపెట్టాను. ఆయుధ పూజ అంటే మా వైపు తెలుసు కదా, మనకు అన్నం పెట్టే పనిముట్టు ప్రతిదానికీ గంధం, కుంకుమ, ఒక రోజు సెలవు. దేవుడి ముందు పెట్టినదాన్ని మర్నాడు కర్పూరం చూపించేదాకా తాకకూడదు. ఆటోకు పెట్టాను. ఆటో తాళంచెవి తెచ్చి పళ్లెంలో పెట్టాను. స్పానర్లు పెట్టాను. అప్పుడు తలుపు కనబడింది. రెండు నెలలుగా రేయింబవళ్లు కాపలా కాస్తోందే, దీనికి సెలవు వద్దా? వెనకమూత తీసి నాలుగు బ్యాటరీలూ పళ్లెంలో పెట్టాను. అక్క ఇచ్చిన చిన్న తాళంచెవి కూడా పెట్టాను. పాప కమ్మల డబ్బాను వాటి పక్కనే పెట్టి పసుపు చల్లాను. అంత నిండైన పళ్లెం మా వంశంలో ఎవరూ చూసి ఉండరు.

తెల్లారింది. ఏడున్నరకు ఆటోకు దిష్టి తీయడానికి నేను గుమ్మడికాయ భుజాన పెట్టుకుని బయటికొచ్చాను. దేవకి హారతి పళ్లెంతో వెనకాలే వచ్చింది. గుమ్మడికాయ మూడోసారి తిప్పుతున్నాను. గాలి వచ్చింది.

టక్.

"బావా," అంది దేవకి, "తలుపు."

తోశాను. రాలేదు. నొక్కాను. ఎప్పుడూ కుయ్‌మనే తాళం నోరు విప్పలేదు. ఆటో తాళంచెవి లోపల, చిన్న తాళంచెవి లోపల, కమ్మలు లోపల. కిటికీకి ఏనుగైనా వంచలేని గ్రిల్లు. పదిన్నరకు తిరుత్తణిలో నల్ల నేరం మొదలు, మంచి గడియ. పన్నెండుకు సరి. ఆలోగా నేను చేరకపోతే దినకర్ ఒడి.

నాకు వెంటనే అర్థమైంది. ఇది కుట్ర. మొన్న నీళ్ల ట్యాంకు గురించి గట్టిగా అడిగాను కదా! చొక్కా జేబులోంచి ఫోను తీశాను.

"ఏమక్కా! పండగ పూట మా తలుపు బిగించేస్తావా? మనిషివేనా నువ్వు?"

"ఎవురు, గోపీనా? నేను పూరీ వేస్తా ఉండాను. ఏ తలుపు?"

"ఫోన్లో నొక్కినావు కదా ఇప్పుడే! నాకు తెలీదనుకున్నావా? నీళ్లు అడిగితే ఇట్లా చేస్తావా?"

వీధి తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. మా మేడలోవన్నీ వేలు పెడితే తెరుచుకునేవే. నేను గుమ్మడికాయ దించకుండానే అద్దెవాళ్ల హక్కుల మీద ఉపన్యాసం ఇచ్చాను. రాజేశ్వరక్క పిండి చేతులతోనే మేడ దిగొచ్చింది. తాళం చూసింది, దాని మీది గంధం చూసింది, నన్ను చూసింది.

"బ్యాటరీలు యాడ?"

"దేవుడి ముందర."

"తాళంచెవి?"

"దాని పక్కనే."

ఎదురింటి ఆమె నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

"ఒరే, పూజ చేసుకో, వద్దనలేదు. బ్యాటరీ లేకుండా తలుపు మూస్తే అది మామూలు తాళం మాదిరి పడిపోతాది. నేను నొక్కేది ఏముండాది ఇందులో?" అని అక్క పైకి వెళ్లి, ఒక చదరపు బ్యాటరీ తెచ్చి, తాళం కింద రెండు చుక్కలకు ఆనించింది. తాళం కుయ్‌మంది. వీధి చప్పట్లు కొట్టింది. నా కోపం సగం దిగింది.

"ఇప్పుడు వేలు పెట్టు," అంది అక్క.

నేను గుమ్మడికాయను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చాను.

"పెట్టరా, పొయ్యి మీద నూనె ఉండాది నాకు."

"నా వేలు కాదక్కా."

"దేవకీ, నువ్వు పెట్టు."

"నాదీ కాదక్కా," అంది దేవకి. ఆ మాట అక్కతో అంది కానీ చూపు నా మీదే ఉంది. ఆ చూపుతో పూరీలు వేయొచ్చు.

"మరెవురిదిరా?"

"అత్తది. తిరుత్తణిలో ఉండాది."

"నా నంబరన్నా ఉంటే తెరిచేదాన్ని. దాన్నీ చెరిపించేసినావు కదరా!"

సుత్తి తెస్తానన్నాను. తలుపు మీద చెయ్యేస్తే ఆ సుత్తితోనే నా మీద చెయ్యేస్తానంది అక్క. ఇక మిగిలింది ఒక్కటే దారి. తిరుత్తణికి ఫోను చేశాను. వెనకాల దినకర్ గొంతు వినబడుతోంది, కాబట్టి గుట్టుగా మాట్లాడాలి.

"అత్తా, నేను చెప్పేది విను. ఇప్పుడే రైలెక్కి ఇంటికి రా."

"ఏమైందిరా? దేవకి బాగుండాదా?"

"బాగుండాది. ఎవురికీ ఏం చెప్పొద్దు. నన్నేం అడగొద్దు. రా."

"ఒరే, ఇక్కడ పాపకి..."

"అత్తా, టైము లేదు! ఏం మాట్లాడొద్దు, రా!"

ఆ ఒక్క "మాట్లాడొద్దు" లేకపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. అది మీకు కాసేపట్లో తెలుస్తుంది, నాకు మాత్రం తెలిసేసరికి పొద్దున పదయింది.

పదింటికి అత్త స్టేషన్ నుంచి వేరేవాళ్ల ఆటోలో దిగింది. ఆయాసపడుతూ వచ్చి, చీర కొంగుతో వేలు తుడుచుకుంది. అక్క బ్యాటరీ ఆనించింది. తాళం పలికింది, తలుపు తెరుచుకుంది. నేను పరుగున పోయి పళ్లెంలోంచి డబ్బా తీసి మూత తెరిచాను.

దూది ఉంది. కమ్మలు లేవు.

"దొంగలు!" అని అరిచాను. "చెప్పలేదా నేను? చెప్పలేదా ఈ తాళాలు నమ్మొద్దని? చూసినావా అక్కా!"

అత్త గుమ్మంలోనే కూర్చుంది. నెమ్మదిగా కొంగు ముడి విప్పింది. ముడిలో ఒక కాగితం పొట్లం. పొట్లంలో రెండు కమ్మలు.

"ఇదేనా నువ్వు ఎతికేది?"

నేను ఖాళీ డబ్బా మూత మళ్లీ తీసి చూశాను.

"నిన్న పోయేటప్పుడే తీసుకోని పోయినా. నువ్వు వస్తా వస్తా ఆటోలో యాడన్నా పారేస్తావని నాకు భయం. ఫోన్లో చెప్పబోతే మాట్లాడొద్దంటివి."

అంటే, తలుపు తెరవాల్సిన పనే లేదు. నేను ఒక్కణ్ని ఉత్త చేతులతో రైలెక్కి ఉంటే చాలు. కమ్మలు తిరుత్తణిలోనే ఉన్నాయి, మేనమామ ఒడి ఒక్కటే రావాలి. ఆ కమ్మల్ని అక్కడి నుంచి మణవాళనగర్‌కి పని గట్టుకుని రప్పించినవాణ్ని నేను.

మేము ముగ్గురం తిరుత్తణి చేరేసరికి పన్నెండుంబావు. మంచి గడియ మమ్మల్ని రైలు కిటికీలోంచి చూసి వెళ్లిపోయింది. అయితే మా రేవతి పాపను ఎత్తుకుని గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. "మా అన్న ఒళ్లో తప్ప కుట్టనియ్యను" అందట. గడియ, మామూలు ఇనుప గడియ. దాన్ని చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏం బావా, లేటయిపోయినావు?" అన్నాడు దినకర్.

"తాళం రిపేరు."

"స్మార్ట్ లాకా? దానికి చదరం బ్యాటరీ..."

"తెలుసు!"

ఒకటిన్నరకు ఇంకో మంచి గడియ దొరికింది. పాప నా ఒళ్లో కూర్చుని రెండు చెవులూ కుట్టించుకుని ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే అత్త ఊరందరికీ జరిగింది మొదట్నుంచీ చెబుతోంది, పాప నా మొహం చూసి నవ్వుతోంది.

మరునాడు రాజేశ్వరక్క దగ్గరికి వెళ్లి, దేవకి వేలు, నా వేళ్లు పదీ తాళంలో వేయించాను. ఒక్కటి చాలంది అక్క. నేను వినలేదు. చక్కెర పోతే పోనీ.

ఆ సాయంత్రమే తిరుత్తణి కొండ మీది స్వామి వైపు తిరిగి, తాళం మీద చెయ్యేసి, వీధి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక మీదట ఏ ఆయుధ పూజకూ నా తలుపుకు సెలవివ్వను, అది అడిగినా ఇవ్వను. నా ఆటోలో ఎక్కినవాళ్ల జ్ఞానాన్ని స్టేషన్లోనే దించేస్తాను, ఇంటికి తేను. అన్నిటికన్నా ముఖ్యంగా, మా అత్త కొంగు ముడి విప్పి చూసేదాకా ఈ లోకంలో ఎవర్నీ దొంగ అనను.